బావి మాట ఎత్తని యూసుఫ్ (అ)

ఇంటర్ ఫలితాలు వచ్చి అప్పటికి పదిహేను రోజులైంది. ఇషా నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుంటే గేటు పక్కన భార్యాభర్తలు నిలబడి కనిపించారు. మా మైలవరం వాళ్లే. ఆయన మామిడికాయల సీజనులో లారీల లోడింగ్ పనికి పోతాడు. ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుడుతుంది. వాళ్ల వెనక తలవంచుకుని వాళ్లబ్బాయి. అప్పు చేసి విజయవాడలో హాస్టల్లో పెట్టి చదివించారు. రెండు సబ్జెక్టులు పోయాయి.

"మౌల్వీ సాబ్, వీడు సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఎవరో చెబితే బెజవాడలో లైఫ్ కోచ్ మీటింగుకి తీసుకెళ్లాం. వచ్చిన దగ్గర్నుంచి ఇంకా ముడుచుకుపోయాడు. మీరైనా నాలుగు మంచి మాటలు చెప్పండి" అంది ఆ తల్లి.

నాలుగు మంచి మాటలు చెప్పడం మాకు వృత్తి. నోటిదాకా వచ్చాయి కూడా. ఎందుకో ఆ రోజు వాటిని మింగి, "ఆ మీటింగులో ఏం చెప్పారు బేటా?" అని అడిగాను.

ఆ కోచ్ గారు మూడు గంటలు తన జీవితం చెప్పారట. చిన్నతనంలో తండ్రి పోవడం, రైల్వే ప్లాట్‌ఫాం మీద పడుకోవడం, హోటల్లో ప్లేట్లు కడగడం, పదిసార్లు ఓడి పదకొండోసారి గెలవడం, ఇప్పుడు సొంత కారు, సొంత ఆఫీసు. హాలంతా చప్పట్లట. చివర్లో మూడు రోజుల కోర్సు గురించి చెప్పి ఫారాలు పంచారట.

"మరి నీకేమనిపించింది?"

చాలాసేపటికి నోరు విప్పాడు. "ఆయన ప్లాట్‌ఫాం మీద పడుకుని గెలిచాడు ఉస్తాద్. నాకు మంచం ఉంది, ఫ్యాను ఉంది, అమ్మీ పంపిన పచ్చడి ఉంది. అన్నీ ఉండి పోయాను. అంటే నేను దేనికీ పనికిరానివాణ్ణనే కదా!"

పాఠకులారా, నేను ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నాను. ఒక మనిషి కష్టాల కథ మరో మనిషికి ధైర్యాన్నిస్తుందని నమ్మి, వందలసార్లు అలాంటి కథలు చెప్పినవాణ్ణి. అదే కథ ఒక పిల్లవాడి నెత్తిన బండరాయిలా పడగలదని ఆ రాత్రి ఆ గేటు దగ్గర తెలిసింది.

ఆ కోచ్ గారెవరో నాకు తెలియదు. ఆయన చెప్పింది అబద్ధమని నేననడం లేదు. బహుశా ప్రతి అక్షరం నిజమే అయి ఉంటుంది. మన తెలుగునాట ఈ విద్య కొత్తదీ కాదు. తులసిదళం రాసిన యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' రాస్తే చదువు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఆ పుస్తకం కనిపించేది. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు ఇంద్రజాలంతో మొదలుపెట్టి, హిప్నటిజం మీదుగా వ్యక్తిత్వ వికాసానికి చేరి, బెదురు పిల్లలెందరినో వేదికలెక్కించారు. ఇప్పుడు ఆ స్థానంలో లైఫ్ కోచ్ అనే పేరు వచ్చింది. ఆ పేరుతో కూర్చున్నవారిలో చాలామంది "నేను పడ్డాను కాబట్టి నాకు తెలుసు" అంటారు. అదే వారి డిగ్రీ, అదే వారి బోర్డు.

పడినవాడికి తెలుస్తుందన్న మాటలో సత్యం లేకపోలేదు. మన మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ఇక్కడి కుర్రాళ్లు బిర్యానీ పొట్లాలు కట్టుకుని వెళ్లబోయారు. వాళ్లలో ఒకడి చిన్నతనం ఏటిగట్టు మీద గడిచింది. వాడు ఆపాడు. "ముందు తాగే నీళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పసిపిల్లల పాలపొడి, ఆడవాళ్లకు పొడిబట్టలు" అన్నాడు. నీళ్లలో నిలబడినవాడికే నీళ్లలో ఏం లేకుండా పోతుందో తెలుస్తుంది. అయితే వాడు ఆ రోజు తన పాత కథ ఎవరికీ చెప్పలేదు. జాబితా చెప్పి ఊరుకున్నాడు.

దివ్య ఖుర్‌ఆన్‌లో 'అజ్జుహా' అనే చిన్న సూరా ఉంది. మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. వహీ కొంతకాలం నిలిచిపోయి, మక్కా అవిశ్వాసులు ఎగతాళి చేస్తున్న వేళ, మహనీయ ముహమ్మద్ (స) మనసు నలిగిపోతున్న వేళ అవతరించిన సూరా అది. ఆయన పుట్టకముందే తండ్రి పోయారు. ఆరో ఏట తల్లి, ఎనిమిదో ఏట తాతగారు పోయారు. అల్లాహ్ ఆయనకు ఆ అనాథ బాల్యాన్ని, ఆ పేదరికాన్ని గుర్తు చేస్తాడు. కానీ ఎలా గుర్తు చేస్తాడో చూడండి. నీవు ఎంత కష్టపడి పైకొచ్చావో అని కాదు, నీకు ఆశ్రయం ఎవరిచ్చారు, దారి ఎవరు చూపారు, లేమిని ఎవరు తీర్చారు అని. ఆ వెంటనే, అందువల్ల అనాథను అణచివేయవద్దని, అడగవచ్చినవాణ్ణి కసిరికొట్టవద్దని ఆజ్ఞ. ఆ తర్వాత ప్రభువు అనుగ్రహాన్ని గురించి చెప్పమన్న ఆదేశం. చెప్పమన్నది అనుగ్రహాన్ని. నా చిన్నప్పుడు మా ఉస్తాద్ గారు ఈ సూరా దగ్గర ఆగి, అనాథగా బతికిన వేదన ఇక్కడ అనాథల పట్ల మృదువైన మాటగా మారింది చూశారా అని ఉర్దూలో అనేవారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. తెలివైన మాట అనుకుని కాపీలో రాసుకున్నానంతే.

హజ్రత్ యూసుఫ్ (అ) వృత్తాంతం ఇంకా స్పష్టంగా ఉంటుంది. సొంత అన్నలే బావిలో పడేశారు. బజారులో బానిసగా అమ్ముడుపోయారు. చేయని తప్పుకు చెరసాల పాలయ్యారు. ఆ చెరలోనే ఇద్దరు యువకులు తమ కలల భారంతో ఆయన దగ్గరికి వచ్చారు. మీరు మంచివారిలా కనిపిస్తున్నారు, మా కలల భావం చెప్పండి అన్నారు. ఆయన కూడా ఖైదీయే. నా గోడు ముందు వినండి అనడానికి ఆయనకున్నంత కారణం ఇంకెవరికుంటుంది? అయినా బావి సంగతీ, అజీజ్ ఇంటి సంగతీ వారికి చెప్పినట్టు ఖుర్‌ఆన్‌లో కనిపించదు. మీ భోజనం వచ్చేలోపే చెబుతానని మొదట వారి ఆందోళన తగ్గించారు. ఏ దైవాన్ని నమ్ముకుని తాను నిలబడ్డారో చెప్పారు. తర్వాత వారి కలలకు అర్థం చెప్పారు.

ఏళ్లు గడిచి, తల్లిదండ్రులను ఈజిప్టుకు రప్పించుకున్న రోజున, తన జీవితాన్ని రెండు మాటల్లో చెప్పుకునే సందర్భం వచ్చింది. ప్రభువు నన్ను చెరసాల నుంచి బయటికి తీశాడు, మిమ్మల్ని ఎడారి నుంచి ఇక్కడికి చేర్చాడు అన్నారు. బావి నుంచి తీశాడు అనలేదు. మొదటి ఆపద అదే, అన్నిటికన్నా భయంకరమైనదీ అదే. మరి ఎందుకు వదిలేశారు? అన్నలు ఎదురుగా ఉన్నారు గనుక అంటారు ఖుర్‌ఆన్ వ్యాఖ్యాతలు. బావి మాట ఎత్తితే వారి తలలు వంగిపోతాయి. వారితో వచ్చిన చెడును కూడా షైతాన్ పెట్టిన కలహంగానే చెప్పారు. తన కథలో ఏ భాగం వినేవాడికి గాయమవుతుందో తెలిసి, ఆ భాగాన్ని దాచుకున్న మనిషి ఆయన.

నేను అలా దాచుకోలేకపోయాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. నా తరగతిలో ఒక కుర్రాడు రోజూ మొదటి పీరియడులోనే కునికిపాట్లు పడేవాడు. ఒకరోజు నిలబెట్టి అందరి ముందూ నా చరిత్ర విప్పాను. మా అబ్బా దర్జీ. మదర్సాలో రెండు రొట్టెలు, పలుచటి పప్పు. చలికాలంలో ఇద్దరికి ఒక దుప్పటి. కిరోసిన్ బుడ్డి కింద అరబ్బీ వ్యాకరణం. "మేము ఇంత కష్టపడి చదివాం. కరెంటు ఉండి, పుస్తకాలు ఉండి మీకేం రోగం?" అన్నాను. తరగతి నిశ్శబ్దమైపోయింది. బాగా చెప్పాననుకున్నాను. ఆ కుర్రాడు మర్నాటి నుంచి రాలేదు.

తర్వాత తెలిసింది, వాళ్లమ్మ పక్షవాతంతో మంచం పట్టిందని, రాత్రిళ్లు ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టేది, బట్టలు మార్చేది వాడేనని. నా రెండు రొట్టెల కథ వాడి కష్టంలో సగం కూడా లేదు. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నేనూ అడగలేదు. కొన్నేళ్లకు ఊళ్లోనే రోడ్డు పక్క పంక్చరు షాపులో కనిపించాడు. నా స్కూటరు టైరు చూసి, సలాం చెప్పి, బాగు చేసి డబ్బులు వద్దన్నాడు. వాళ్లమ్మ గురించి అడిగితే "గుజర్ గయీ, ఉస్తాద్" అని చక్రం బిగించడంలో పడిపోయాడు. ఆ పాత రోజు ప్రస్తావన తేలేదు. తెస్తాడేమోనని నేను భయపడుతూ నిలుచున్నాను.

అందుకే ఆ కోచ్ గారి మీద రాయి వేయడానికి నా చేయి లేవడం లేదు.

కష్టాన్ని దాచుకోవడమే పద్ధతి, ఎప్పుడూ చెప్పరాదు అంటారేమో. అలా కాదు. చెప్పవలసినవాళ్లు చెప్పారు, మనం బాగుపడ్డాం. డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారిని చూడండి. జీవితమంతా పిల్లలతో మాట్లాడుతూనే ఉన్నారు. 2015 జూలై 27న షిల్లాంగులో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కుప్పకూలారు. ఆయన తన ఓటములను దాచలేదు. 1958లో డెహ్రాడూన్‌లో ఎయిర్‌ఫోర్స్ ఎంపికకు వెళితే తొమ్మిదో స్థానం వచ్చింది, తీసుకున్నది ఎనిమిది మందిని. 1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి వదిలిన ఎస్‌ఎల్‌వి-3 బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు ఆయనే. ఆ రోజు విలేఖరుల ముందు కూర్చుని బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. 1980 జూలై 18న అదే రాకెట్టు రోహిణిని కక్ష్యలో పెట్టినప్పుడు విలేఖరులతో మాట్లాడమని కలాంను ముందుకు పంపిందీ ఆయనే. కలాం గారు ఈ సంగతిని చెప్పిన ప్రతిసారీ అందులో పెద్దమనిషి ధావనే. తాను కాదు. మద్రాసు ఎం.ఐ.టి.లో సీటు వస్తే ఫీజుకు డబ్బులేక, అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు కుదువపెట్టిన సంగతి ఆయనే రాసుకున్నారు. రామేశ్వరంలో చదువు చెప్పిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ పేరూ రాశారు.

ఇప్పుడు ఆ కుర్రాడి మాట మళ్లీ గుర్తు చేసుకోండి. కోచ్ గారి కథలో ఒక్కడే ఉన్నాడు. ఒక్కడే పడ్డాడు, ఒక్కడే లేచాడు. అలాంటి కథ వింటే, లేవలేకపోయినవాడికి లోపం తనలోనే కనిపిస్తుంది. కలాం కథలో చేతులున్నాయి. అది విన్న పిల్లవాడు, మన చుట్టూ అలాంటి చేయి ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంటాడు. అజ్జుహా సూరాలోనూ ఆశ్రయమిచ్చినవాడి మాటే ఉంది. యూసుఫ్ (అ) కూడా ప్రభువు నన్ను బయటికి తీశాడనే అన్నారు. కష్టం చెప్పేవాడు గొప్పవాడా, మోసగాడా అని తేల్చడం నా వల్ల కాదు గాని, ఆ కథలో ఎందరి పేర్లు వినిపిస్తున్నాయో మాత్రం ఇప్పుడు లెక్కపెడుతున్నాను.

కథ చెప్పడంలో ఇంకో ప్రమాదం ఇమాం గజాలీకి (రహ్మతుల్లాహి అలైహ్) తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను. బాగ్దాదులోని నిజామియా మదర్సాలో మూడు వందల మంది విద్యార్థులకు పాఠం చెప్పే పెద్ద ఆయన. హిజ్రీ 488లో, అంటే క్రీ.శ. 1095లో, ఒకరోజు నోరు పెగలలేదు. విద్యార్థుల కోసమైనా ఒక్క పాఠం చెబుదామన్నా మాట రాలేదు. ముద్ద దిగలేదు. ఇది మనసులో మొదలై ఒంటికి పాకిన రోగం, మందుతో తగ్గదు అని వైద్యులు చేతులెత్తేశారు. ఆయన తనను తాను పరీక్షించుకుంటే, ఇన్నాళ్లూ పాఠాలు చెప్పింది అల్లాహ్ కోసం కాదు, పేరు కోసమని తేలింది. కుటుంబానికి సరిపడా ఉంచి మిగిలిన ఆస్తి పంచేసి బాగ్దాదు వదిలారు. డమాస్కసు మస్జిదు మీనారులో తలుపు వేసుకుని గడిపారు. మళ్లీ పాఠం చెప్పడానికి పదేళ్లకు పైగా పట్టింది.

ఆ కాలంలోనే రూపుదిద్దుకున్న ఇహ్యా ఉలూమిద్దీన్‌లో పేరు మీద మోజు, ప్రదర్శనాబుద్ధి గురించి ఆయన రాసింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఆ రోగాన్ని అనుభవించినవాడు తప్ప అంత లోతుకు వెళ్లలేడు. అదే గ్రంథంలో గురువును వైద్యుడితో పోలుస్తారు. రోగులందరికీ ఒకే మందు ఇచ్చే వైద్యుడు ఎక్కువ మందిని చంపుతాడని, శిష్యులందరినీ ఒకే దారిలో తోలే గురువూ అంతేనని దాని భావం. తనను బాగుచేసింది ఏకాంతం, ప్రయాణం. అయినా అందరూ ఉద్యోగాలు మానేసి డమాస్కసు పోండని ఆయన రాయలేదు. తన మందు తనదని తెలుసు.

బాధపడినంత మాత్రాన వైద్యం రాదన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. వియన్నా డాక్టరు విక్టర్ ఫ్రాంకల్ పేరు కోచ్‌లందరి నోటా వినిపిస్తుంది. నాజీ నిర్బంధ శిబిరాల్లో తల్లిదండ్రులను, అన్నను, భార్యను పోగొట్టుకుని 1945లో బయటపడ్డాడు. శిబిరమే ఆయన్ను గురువును చేసిందన్నట్టు చెబుతారు. కానీ ఆయన అంతకుముందే చదువుకున్న మనోవైద్యుడు. 1930 నాటికే వియన్నాలో, స్కూలు మార్కుల కార్డులు ఇచ్చే రోజుల్లో పిల్లలు ప్రాణాలు తీసుకోకుండా ఉచిత సలహా కేంద్రాలు నడిపాడు. మార్కుల కార్డులు! వియన్నాకూ బెజవాడకూ ఎంత దూరం లేదో చూడండి. మన దేశంలో 2022లో ప్రాణాలు తీసుకున్న విద్యార్థులు 13 వేలకు పైనేనని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క.

కాబట్టి తల్లిదండ్రులు ఒక తేడా తెలుసుకోవాలి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. లైఫ్ కోచ్ అన్న బోర్డుకు అలాంటి నియమమేదీ లేదు. మంచివారు ఉండవచ్చు. లక్ష్యాలు, అలవాట్లు, వేదిక భయం వంటివాటిలో వారి సాయం తీసుకోవచ్చు. అన్నం మానేసి, నిద్ర మానేసి, మాట మానేసిన పిల్లవాణ్ణి మాత్రం మీటింగు హాలుకు తీసుకెళ్లకండి.

మాలాంటి వాళ్ల దగ్గరికి తెచ్చి ఊరుకోకండి కూడా. మన ఇళ్లలో ఇంకో జాడ్యం ఉంది. పిల్లవాడు కుంగిపోతే ఈమాన్ బలహీనం అంటారు, నజర్ తగిలింది అంటారు, బంధువులకు తెలిస్తే పెళ్లి సంబంధాలు రావని తలుపులు మూస్తారు. ప్రవక్త యాఖూబ్ (అ) కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోయాయని ఖుర్‌ఆన్ చెబుతోంది. ఆయన ఈమాన్ బలహీనమా? పసికందు ఇబ్రాహీం పోయినప్పుడు మహనీయ ముహమ్మద్ (స) కళ్లు వర్షించలేదా? రోగానికి మందు వాడమని, మందు లేని రోగాన్ని అల్లాహ్ దించలేదని చెప్పింది ఆయనే. జ్వరానికి డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనం మనసు రోగానికి ఆ హదీసును ఎందుకు మరిచిపోతున్నామో నాకు బోధపడదు.

విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పిస్తూ, వంద మంది గాని అంతకు మించి గాని చదివే ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సిలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో ఉండాలని ఆదేశించింది. లక్షల ఫీజు కట్టే తల్లిదండ్రులు, మీ కాలేజీలో ఆ మనిషి ఎవరు, ఎక్కడ కూర్చుంటారు అని ఒక్కసారి అడగండి. ఏ.సి. ఉందా, మెస్సులో చికెన్ ఉందా అని అడుగుతాం కదా. మన మదర్సాల నిర్వాహకులకూ నా మనవి ఇదే. బోర్డింగులో ఎనిమిదేళ్ల పిల్లాడు ఇంటి మీద బెంగతో ఏడిస్తే హిఫ్జ్ పాఠం ఎక్కువ చేసే అలవాటు మనదగ్గర ఇంకా ఉంది. నేను అలా పెరిగినవాణ్ణే. నేను తట్టుకున్నాను కాబట్టి వీడూ తట్టుకుంటాడన్న తర్కాన్ని గజాలీ తొమ్మిది వందల ఏళ్లకు పైగా ముందే కొట్టిపారేశారు.

ఆ రాత్రి సంగతికి వస్తాను. తల్లిదండ్రులను కొంచెం దూరంగా కూర్చోమని, వజూఖానా పక్క అరుగు మీద ఆ కుర్రాడూ నేనూ కూర్చున్నాం. "చచ్చిపోవాలన్న ఆలోచన ఏమన్నా వస్తోందా బేటా?" అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని మనవాళ్లు భయపడతారు. పుట్టదనీ, అడగడమే మేలనీ మానసిక వైద్యులు చెబుతారు. వాడు తల ఊపాడు. తర్వాత ఏడ్చాడు. నేనేమీ చెప్పలేదు, భుజం మీద చేయి వేసి కూర్చున్నాను. వాళ్ల అబ్బాను పిలిచి, అక్కడి నుంచే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించాను. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ ఉచిత సర్వీసు అది, రాత్రైనా పగలైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలవద్దని, పురుగుమందు, మాత్రలు అందనిచోట పెట్టమని చెప్పారు. ఇంట్లో మామిడితోటకు కొట్టే మందు డబ్బా ఉంది. దాన్ని ఆ రాత్రే మా ఇంటికి తెచ్చి పెట్టాను. మర్నాడు విజయవాడలో డాక్టరుకు చూపించారు. మందులు వాడుతున్నాడు, వారానికోసారి కౌన్సిలింగుకు వెళుతున్నాడు.

సప్లిమెంటరీ ఒకటి రాశాడు, ఇంకొకటి వచ్చేసారి రాస్తానన్నాడు. పోయిన జుమా తర్వాత చెప్పులు వేసుకుంటూ నన్ను ఆపి, "ఉస్తాద్, మీరెప్పుడైనా ఫెయిలయ్యారా?" అని అడిగాడు. అయ్యానన్నాను, హైస్కూల్లో ఇంగ్లీషు రెండుసార్లు పోయిందన్నాను. మా అబ్బా ఏమన్నారని అడిగాడు. ఏమీ అనలేదు, ఆ సాయంత్రం తన మిషను పక్కన కూర్చోబెట్టుకుని గుండీలు కుట్టించారు అన్నాను. వాడు నవ్వి, వాళ్లమ్మకు దారం కొనాలని బజారు వైపు వెళ్లిపోయాడు.